గోడకు చాపిన చేతులు

నాయన చొక్కాను నీళ్లలో వేసే ముందు బాగా దులపాలి. లేకపోతే పలకల దుమ్ము తడిసి బురదై బట్టలోకి దిగుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు బాదినా ఆ బూడిదరంగు వదలదు. ముక్కుకు చున్నీ కట్టుకుని వాకిట్లో నిలబడి చొక్కాను విదిలిస్తున్నాను. చెల్లెలు రోజీ బంతిని ఇంటి గోడకు కొట్టి పట్టుకుంటోంది.

"అక్కా, జరుగు. దుమ్మంతా నా నోట్లోకే వస్తాంది."

"నువ్వే జరుగు."

"నేను ప్లేయర్ను. నేనెందుకు జరగాల?"

"బంతి చేతిలో లేకుండా దారికి అడ్డం నిలబడకూడదు. నీ చేతిలో బంతి ఉందా?"

బంతి అప్పుడే గోడకు తగిలి వెనక్కి వచ్చింది. దాన్ని పట్టుకుని నా ముక్కు ముందు ఊపింది. "ఇప్పుడుంది. ఏం చేస్తావు అంపైరమ్మా?"

గడప మీద కూర్చుని టీ తాగుతున్న నాయన నవ్వాడు. నవ్వితే ఆయనకు దగ్గు వస్తుంది. అది ఆగేదాకా రోజీ బంతిని పట్టుకుని నిలబడింది, నేను చొక్కా విదిలించడం ఆపాను.

అది ఏప్రిల్ నెల. తర్లుపాడు దగ్గర మా ఊరు. నాయన సత్యానందం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను మీద పని చేస్తాడు. అమ్మ అక్కడే పలకలకు చట్రాలు బిగిస్తుంది. ఇంటర్ అయ్యాక నేనూ ఏడాది వెళ్లాను. రాత్రిళ్లు ఊపిరాడక లేచి కూర్చుంటుంటే మాన్పించారు. రోజీ మాత్రం ఆ గేటు లోపలికి అడుగు పెట్టకూడదని నాయన పట్టుదల. దానికి దారి కూడా కనపడింది. జిల్లా బేస్‌బాల్ జట్టులోకి వచ్చి రాష్ట్ర పోటీలు ఆడితే గుంటూరులో ఒక కాలేజీ వాళ్లు డిగ్రీ సీటు, హాస్టలు ఇస్తామన్నారు. ఎంపిక మే నెలలో. వచ్చే ఏడాదికి రోజీకి వయసు దాటిపోతుంది. ఉన్నది ఈ ఒక్క వేసవి.

మా బడి గ్రౌండులో ఆట నేర్పేది ఏలీయా సార్. ముప్పై ఏళ్లుగా ఆయన వ్యాయామం మాస్టారు. గ్రౌండుకు ఒకవైపు సర్కారు కంప, ఇంకోవైపు వాగు. మిగిలిన మూలలో బడి ప్రహరీ గోడకు నాలుగు అడుగుల దూరంలో హోమ్ ప్లేట్ పెట్టుకున్నాం. మూడు బేసులూ చుట్టి వచ్చిన పిల్ల ఆ ప్లేట్ తొక్కితే ఒక పరుగు. రబ్బరు ప్లేట్ చినిగిపోతే నేనే నాయనను అడిగి, ఫ్యాక్టరీలో పనికిరాని పలక రాయిని అయిదు మూలలుగా కోయించి తెచ్చాను. పిల్లలు దాన్ని పలక అనే పిలిచేవాళ్లు.

భూమిలోకి దిగేసి పాతాం కానీ, నాలుగు వానలకు చుట్టూ మట్టి కొట్టుకుపోయి అంచు వేలెడంత పైకి తేలింది. రెండేళ్ల కిందట రోజీ, ఈ ఆటలో అందరూ చేసినట్టే, దాని మీదికి కాళ్లు చాపి నేల మీద జారింది. మోకాలి కింద చీరుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. అప్పటినుంచి ఏలీయా సార్ పలక దగ్గర ఎవరూ జారొద్దన్నాడు.

"నిలబడే రండి. పలక తొక్కండి. ఆగలేకపోతే గోడ ఉంది కదా, చేతులు ఆనించుకోండి."

అట్లాగే అలవాటైంది. మూడో బేసు నుంచి వచ్చే పిల్లలంతా తల పైకెత్తి, గోడను చూస్తూ, పలకకు రెండడుగుల ముందే రెండు చేతులూ చాపి వచ్చేవాళ్లు. దబదబమని అరచేతులు గోడకు తగిలేవి.

"ఏందే, గోడను పడేస్తారా? హెడ్ మాస్టర్ నన్ను కట్టమంటాడు," అని సార్ అరిచేవాడు.

"పడితే మంచిదే సార్, పరీక్షలుండవు," అని రోజీ అరిచేది.

నాకు ఆడటం రాలేదు. చూడటం వచ్చింది. అది కనిపెట్టి సార్ నాకు స్కోరు రాయడం, అంపైరింగ్ నేర్పించాడు. ఆయన ఎక్కువ నేర్పింది హోమ్ ప్లేట్ దగ్గర ఇద్దరు గుద్దుకుంటే ఏం చూడాలో. ప్లేట్ కాచుకునే పిల్లను క్యాచర్ అంటారు. ఇద్దరు పిల్లలను పిలిచి, ఒకదాన్ని క్యాచర్‌గా నిలబెట్టి, ఇంకోదాన్ని మెల్లగా వచ్చి తగలమనేవాడు.

"ఇప్పుడు ఎవురిది తప్పు?"

"క్యాచర్ది సార్. బంతి లేకుండానే దారిలో నిలబడింది."

"ఇప్పుడు?"

"బంతి ఉంది. పరిగెత్తే పిల్ల దారి వదిలి పక్కకొచ్చి గుద్దింది. ఔట్."

"ఇప్పుడో?"

"దారిలోనే వచ్చింది. కానీ భుజం వంచింది సార్."

"భుజం వంచినా, చేతులు ముందుకొచ్చినా కావాలని చేసినట్టే లెక్క. గుద్దుకున్నాక ఇద్దరూ ఏడుస్తారు. ఏడుపు చూసి తీర్పు చెప్పొద్దు. పడినోళ్లది ఒప్పనీ, నిలబడినోళ్లది తప్పనీ కాదు. తగలబోయే ముందు అరక్షణం ఉంటది చూడు, అది చూడు. కంటితో చూసింది చెప్పు. మనసు అనుకున్నది చెప్పొద్దు."

ఆ మాట నాకు నచ్చింది. ఇంట్లో, బడిలో, చర్చిలో నేను చూసినవి ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇక్కడ అడుగుతున్నారు.

*

ఎంపిక మార్కాపురంలో జరిగింది. ఎనిమిది గంటలకే నేల కాలుతోంది. వచ్చిన పిల్లలను రెండు జట్లుగా విడగొట్టి ఆడించారు. గిద్దలూరు నుంచి రావాల్సిన రెండో అంపైర్ రాలేదు. ఏలీయా సార్ నన్ను ముందుకు తోశాడు. పెద్ద అంపైర్ ప్రభుదాస్ గారు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఆడేదాంట్లో నీ చెల్లెలుందంట?"

"ఉంది సార్."

"ఉంటే ఉండనీ. ఈడ అందరూ ఎవురికో ఒకరికి చుట్టాలే. నువ్వు మొదటి బేసు చూస్కో. హోమ్ నేను చూస్కుంటా."

రోజీ ఆ రోజు పట్టపగ్గాలు లేకుండా ఆడింది. ఎంపిక కమిటీలో ఒకాయన తన కాగితం మీద ఏదో రాసుకుని పక్కనున్నాయనకు చూపించడం నేను చూశాను. ఏలీయా సార్ కూడా చూశాడు. దూరం నుంచే నాకు తలూపాడు.

ఆఖరి భాగంలో రోజీ రెండో బేసు మీద ఉంది. ఎవరో బంతిని కుడివైపు దూరంగా కొట్టారు. కొట్టిన పిల్ల మొదటి బేసుకు వస్తోంది. నేను చూడాల్సింది దాన్ని. నేను రోజీని చూశాను.

మూడో బేసు దాటింది. కుడివైపు నుంచి బంతి విసిరారు. క్యాచర్ రాచర్ల పిల్ల, సుస్మిత, ప్లేట్‌కు ముందు నిలబడి చేతులు చాపింది. బంతి వచ్చి దాని గ్లవ్‌లో పడింది. రోజీకి ఇంకా రెండడుగుల దూరం ఉంది. అది పక్కకు తిరగలేదు, జారలేదు. తల పైకెత్తి తిన్నగా వచ్చింది. రెండు చేతులూ లేచాయి.

ఎండిన కంది కట్టె విరిగినట్టు చప్పుడైంది. సుస్మిత వెనక్కి పడింది. దాని ఎడమ చేయి మోచేతి కింద వంకరగా ఉంది. బంతి దొర్లిపోయింది. రోజీ ప్లేట్ మీద మోకాళ్ల మీద కూర్చుని, "సుస్మీ, సుస్మీ," అంటోంది.

నీళ్లు, మంచం అంటూ అందరూ పరిగెత్తారు. సుస్మితను ఆటో ఎక్కించాక ప్రభుదాస్ గారు నా దగ్గరకు వచ్చాడు.

"బంతి అందింది నేను చూసినా. ఆ తర్వాత ఆ క్యాచర్ పాప వీపు అడ్డం వచ్చి ఏం కనపడలేదు. నువ్వు చూసినావా?"

చూడలేదని చెప్పొచ్చు. నేను మొదటి బేసు చూడాల్సిన దాన్ని, దాన్నే చూస్తున్నానంటే కాదనేవాళ్లు లేరు. గ్రౌండు చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడిన ఒకాయన పక్కాయనతో అంటున్నాడు: "దాని అక్కే కదా, ఏం చెప్తాదో చూడు."

"చూసినా సార్."

"చేతులు?"

"లేచినాయి సార్."

"తగలక ముందా, తగిలినాకనా?"

"ముందే."

ఆయన పిడికిలి ఎత్తి ఔట్ అన్నాడు. ఆ తర్వాత వేలితో గ్రౌండు బయటికి చూపించాడు. రోజీ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది.

సాయంత్రం కమిటీ నా చేత రిపోర్టు కింద సంతకం పెట్టించుకుంది. కావాలని గుద్దింది, ఎంపికకు పనికిరాదు అని రాశారు.

*

"ఇంట్లో నీకు నోరే లేవదు కదే," అంది అమ్మ. "కూరలో ఉప్పు తక్కువైందని కూడా చెప్పవు. ఆడ యాడి నుంచి వచ్చింది ఆ నోరు?"

నేను అన్నం గిన్నె మీద మూత సర్దుతున్నాను.

"అడిగితే కదా చెప్పింది," అన్నాడు నాయన.

"అడిగితే? ఊరంతా చూసినారు, ఒక్కరన్నా చెప్పినారా? తోడబుట్టిందే చెప్పాల్నా?"

నాయన నన్ను ఒక్కటే అడిగాడు. "నువ్వు చూసింది నిజమేనా?"

"నిజమే నాయనా."

"అయితే ఇంక ఊరుకో మేరీ," అన్నాడు అమ్మతో. అని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నాతో మాట్లాడాడు కానీ నా ముఖం చూసి మాట్లాడలేదు.

రోజీ నా పక్కనే పడుకుంది, ఎప్పటిలాగే కాలు నా మీద వేసి. నిద్రలో కాబోలు. మెలకువ రాగానే తీసేసింది.

మూడో రోజు పొద్దున బ్యాట్ల సంచి తేవడానికి బడికి వెళ్లాను. సెలవులు, ఎవరూ లేరు. పలక దగ్గర నిలబడి గోడ చూశాను. ఆ గోడకు పోయినేడు సున్నం కొట్టారు. దాని మీద ఛాతీ ఎత్తున ఎర్రమట్టి చేతులు. పదులకొద్దీ, ఒకదాని మీద ఒకటి. అన్నిటికంటే పైనున్న రెండు రోజీవి. అందరికంటే పొడుగు అదే. నేను వేళ్లు విప్పి ఆ గుర్తుల మీద పెట్టాను. మా వేళ్లు ఒకే రకం.

అప్పుడు తెలిసింది. రోజీ సుస్మిత మీదికి చేతులు ఎత్తలేదు. ఈ గోడకు ఎత్తింది. మార్కాపురంలో ఆ ప్లేట్ వెనక గోడ లేదు. రబ్బరు ప్లేట్ మీద జారితే కాలు తెగదు. రెండేళ్లుగా దాని ఒంటికి ఆ సంగతి తెలియదు. జారనివ్వని ఆ రాయిని కోయించి తెచ్చింది నేను.

*

గిద్దలూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో రాచర్ల వెళ్లాను. సుస్మిత వాళ్లది గొర్రెలున్న ఇల్లు. వాళ్లవ్వ పోలేరమ్మ దొడ్డి దగ్గరే నన్ను ఆపింది.

"ఎవురమ్మాయి నువ్వు?"

చెప్పాను.

"ఓహో, చెయ్యి ఇరగ్గొట్టిన దాని అక్కవా! చూడ్డానికి వచ్చినావా, రెండోది కూడా బాగుందో లేదో?"

"అవ్వా, ఊరుకో," అని లోపలి నుంచి సుస్మిత కేకేసింది. "అంపైరక్క ఈయమ్మే. న్యాయంగా చెప్పిందని చెప్పలా నీకు?"

ఆ మాట నాకు అవ్వ తిట్టిన దానికంటే గట్టిగా తగిలింది. సుస్మిత చేతికి మోచేతి దాకా కట్టు. పలక, గోడ సంగతి చెప్పాను.

"అదా సంగతి! నాకు అప్పుడే అనుమానమొచ్చిందక్కా. అది నన్ను చూడలేదు. కళ్లు నా నెత్తి మీద నుంచి యాడో ఎనకాలుండినాయి. కొట్టేవాళ్లు మనల్ని చూస్తారు కదా?"

"అట్లని రాసిస్తావా?"

"కుడి చెయ్యి బాగానే ఉంది కదా, రాసిస్తా," అని నవ్వింది. పోలేరమ్మ నాకు మజ్జిగ ఇచ్చింది. ఇస్తూ, "దానికీ ఈ యేడే ఆఖరంటమ్మా," అంది. తిట్టలేదు. ఊరికే చెప్పింది.

ఆ కాగితం పట్టుకుని ఏలీయా సార్‌తో కలిసి ప్రభుదాస్ గారి ఇంటికి వెళ్లాం. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"రూలు తప్పు చెప్పింటే మార్చొచ్చు. చూసినదాని మీద అప్పీలు ఉండదు," అన్నాడు. "అయినా శనివారం కమిటీ కూర్చుంటాది. నువ్వేం రాస్తావో రాయి."

నేను ఆయన వరండాలో కూర్చుని రెండు పేజీలు రాశాను. రబ్బరు ప్లేట్ చినిగిన దగ్గర నుంచి, మోకాలికి పడిన కుట్లు, గోడ మీది చేతులు, అన్నీ. ఆయన ఓపికగా చదివాడు.

"ఇది కథమ్మా. రిపోర్టు కాదు. కమిటీ ఇంత చదవదు. వాళ్లకు ఒక్క లైను కావాల. చేతులు లేచింది నేను సరిగ్గా చూడలేదు, అని. అనుమానముంటే పిల్ల పక్కనే తేలుస్తారు. ఆ మాటొక్కటి చెప్పి నేను పేరు చేర్పిస్తా." తెల్లకాగితం, పెన్ను నా ముందు పెట్టాడు. "నాకూ ఆ పిల్ల కావాల. అట్ల పరిగెత్తేవాళ్లు మనకు లేరు."

పెన్ను తీసుకున్నాను. పైన తేదీ వేశాను. నా పేరు రాశాను. ఝాన్సీ అనే నేను, అని కూడా రాశాను. ఆ తర్వాత చెయ్యి కదల్లేదు. నేను గొప్పదాన్నని కాదు. కళ్లు మూసినా, తెరిచినా ఆ రెండు చేతులు కనపడుతున్నాయి. వేలు వేలు కనపడుతోంది.

"చూసినా కదా సార్," అన్నాను.

ఆయన కాగితం వెనక్కి తీసుకున్నాడు. కోప్పడలేదు. లోపలికి కేకేసి మాకు కాఫీ తెప్పించాడు.

బస్టాండులో, బస్సు వస్తుంటే ఏలీయా సార్ అన్నాడు: "ఒక్క లైనమ్మా ఝాన్సీ."

"కంటితో చూసింది చెప్పమని మీరే నేర్పినారు సార్."

"నేర్పినా. గ్రౌండులో చెప్పమని నేర్పినా. దాన్ని ఇంటిదాకా తెచ్చుకోమని చెప్పినానా?"

జట్టు పేర్లు వచ్చాయి. రోజీ పేరు లేదు.

*

ఇంట్లో నేను ఆ పెన్ను సంగతి చెప్పలేదు. జూన్‌లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఏలీయా సార్ భార్య అమ్మను ఓదారుస్తూ చెప్పేసింది. అమ్మ ఇంటికొచ్చి నన్ను తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాను. కంచంలో అన్నం పెట్టి నా ముందుకు జరిపి, దొడ్డివైపు వెళ్లి కూర్చుంది.

రోజీ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఒక్క లైనంట కదా అక్కా."

"అవును."

"పెన్ను కూడా ఆయనే ఇచ్చినాడంట."

"ఇచ్చినాడు."

"మరి నువ్వేం రాసినావు?"

"పలక సంగతి రాసినా. గోడ సంగతి. నీకు పడిన కుట్లు. నువ్వు కావాలని చేయలేదని రాసినా."

"అదంతా ఎవురడిగినారక్కా నిన్ను?"

దాని గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు ఉంది. అది లేచి, నా కంచంలో ఈగలు వాలకుండా మూత పెట్టి వెళ్లింది.

ఆ మర్నాడు నేను గడ్డపార తీసుకెళ్లి పలకను తవ్వి తీశాను. విసిరేయడానికి చేయి రాలేదు. ఇంటికి తెచ్చి బట్టలుతికే చోట వేశాను. అమ్మ చూసింది.

జూన్ చివరికి కూడా వాన పడలేదు. నాయన దగ్గు ఎక్కువైంది. ఆసుపత్రిలో ఛాతీ ఫోటో తీసి, ఇంక దుమ్ములోకి పోవద్దన్నారు. ఆయన మంచం మీద కూర్చునే ఉండేవాడు. పడుకుంటే ఆయాసం. "ఫ్యాక్టరీకి నేను పోతా," అన్నాను. "నువ్వు పోయి మళ్లీ ఒకరు మంచం ఎక్కాల్నా?" అన్నాడు నాయన. ఆ మాట అన్నప్పుడు రోజీ అక్కడే ఉంది, కుండలో నీళ్లు ముంచుకుంటూ.

గురువారం పొద్దున నేను వాకిట్లో అంట్లు తోముతున్నాను. ఫ్యాక్టరీ ఆటో వీధి చివర హారన్ కొట్టింది. అమ్మ టిఫిన్ క్యారియర్ తీసుకుని ముందు వెళ్లింది. గడప దగ్గర అలికిడైతే తిరిగి చూశాను. లోపల నుంచి రోజీ వస్తోంది. చుడీదార్ మీద నాయన చొక్కా, మెడదాకా గుండీలు. ఫ్యాక్టరీలో ఆడవాళ్లంతా అట్లాగే వేసుకుంటారు. ముక్కుకు చున్నీ కట్టుకుంది. ఒక చేతిలో అన్నం డబ్బా.

నేను లేచి వెళ్లి గడప మీద అడ్డంగా నిలబడ్డాను. లోపల మంచం మీద నాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయన నిద్రపోవడం లేదు. ఊపిరి చప్పుడును బట్టి తెలుస్తోంది.

"రోజీ, వద్దు. ప్రభుదాస్ సార్‌ను మళ్లా అడుగుదాం."

అది పక్కకు తిరగలేదు. భుజం వంచలేదు. చేతులు కిందికే ఉన్నాయి. తిన్నగా నా దాకా వచ్చి, ఒక్క అడుగు దూరంలో ఆగి, నా చేతుల వైపు చూసింది. నేనూ చూసుకున్నాను. సబ్బు నురుగు తప్ప వాటిలో ఏమీ లేదు.

జరిగాను. రోజీ గడప దాటింది.